ఫోన్ చెప్పిన రంగు

గురప్ప రాగి కొప్పెరలో మునిగిన పట్టుదారపు చిలపను కర్రతో పైకెత్తి, రంగునీళ్లు ఓడనిచ్చి, తిప్పి మళ్లీ ముంచాడు. ఆవిరి ముఖానికి కొడుతున్నా రెప్ప వేయలేదు. ధర్మవరంలో నలభై రెండేళ్లుగా ఇదే పని. గోళ్లలో, అరచేతి గీతల్లో ఏనాటివో రంగులు పాతుకుపోయి సబ్బుకు లొంగడం మానేశాయి. తడిపట్టును ఎండలోకి పట్టుకుపోయి ఒక్కసారి చూస్తే చాలు, ఆరాక ఏ రంగు తేలుతుందో చెప్పేస్తాడు.

యజమాని జయరాం కూతురు రేఖ ఫోన్ పట్టుకుని నీలం టార్పాలిన్ పందిరి కిందికి వచ్చింది.

"మామా, మధ్యాన్నం కదిరి నుంచి సువర్ణక్క వస్తాంది. కొత్త చీరకు వాళ్లమ్మ పెండ్లిచీర రంగే కావల్లంట. ఆ చీర ఆమెతోపాటే చితిలో కాలిపోయింది. ఈ ఫోటో ఒకటే మిగిలుండాది."

ఫోటోలో ఒకావిడ నీలం షామియానా కింద కూర్చుని నవ్వుతోంది.

"కుంకుమెరుపు," అన్నాడు గురప్ప.

రేఖ ఫోటోలోని చీర మీద వేలు పెట్టి నొక్కింది. ఆ చుక్క రంగు ఒక్కటే విడిగా, తెర అడుగున చిన్న గడిలో వచ్చింది. బూడిద. ఎరుపు జాడే లేదు.

గురప్ప ఫోన్ తీసుకున్నాడు. చీరను చూస్తే ఎరుపు, గడిని చూస్తే బూడిద. అరచేత్తో చుట్టూ కప్పి, వేళ్ల సందులోంచి చీర ముక్కను మాత్రం చూశాడు. ఎరుపు ఆరిపోయింది. చెయ్యి తీశాడు. మళ్లీ రగిలింది. కొప్పెర సెగ పక్కనే ఉన్నా వీపు మీద చెమట చల్లబడింది.

"లేని ఎరుపు నాకెట్ల కనపడతాందమ్మా?"

"ఫోన్ ఆ చుక్కనే కొలుస్తాది మామా. మన కండ్లు అట్ల కాదంట. ఆడ నీలం వెలుగుండాదని కనిపెట్టి, దాన్ని తీసేసి చూస్తాయంట. మనకు తెలీకుండానే."

"అయితే ఇన్నేండ్లూ నేను చూసిందేంది?"

గురప్ప ఫోన్ రేఖ చేతికిచ్చాడు.

"నన్నొక ఫోటో తీయి."

తీసింది. ఎండకు కాలిన ఎప్పటి ముఖమే. చెంప మీద నొక్కమన్నాడు. గడి నిండా సీసం రంగు. నాలుగేళ్ల కిందట ప్రాణం పోయాక భార్య నాగలక్ష్మమ్మను ఆసుపత్రి వరండాలో పడుకోబెట్టినప్పుడు, ఆమె ముఖం మీద చూసిన రంగు. ఎవరికీ చెప్పలేక తనలోనే దాచుకున్న రంగు.

"ఇది నాకు తెల్సు," అన్నాడు మెల్లగా.

"పందిరి నీలం నీడ మామా, అంతే. మనసులో పెట్టుకోవద్దు. ఫోన్ చూపించిన రంగే ఎయ్యమన్నాడు నాయన. తర్వాత గొడవుండదని."

"కూతురొచ్చి అమ్మ చీర అడిగితే బూడిద చేతిలో పెడతామా?"

అతను కళ్లతో చూసిన రంగే కలిపాడు. చిటికెడు చిటికెడుగా వేస్తూ, ముంచిన ప్రతిసారీ ఎండలోకి పోయి చూసుకుంటూ. ఎప్పుడూ ఒక్కసారి చూసేవాడు ఆ రోజు తొమ్మిదిసార్లు పోయాడు. అప్పుడప్పుడూ వేళ్ల సందులోంచి ఆకాశాన్నీ, వేపచెట్టునూ, తన కాళ్లనూ కూడా చూశాడు.

సువర్ణ వచ్చింది. వెదురు మీద ఆరుతున్న చిలపను చూసి, బ్యాగు కింద పడేసి, రెండు చేతులతో తీసుకుని చెంపకు ఆనించుకుంది.

"ఇదే పెద్దాయనా. మా యమ్మే."

"నీకు ఎర్రగానే కనపడతాందా?"

"ఎర్రగానే ఉండాది కదా! ఎందుకట్ల అడుగుతావు?"

"ఇంగోసారి చూడమ్మా. బాగా చూడు."

ఆమె కన్నీళ్లు తుడుచుకుని చూసింది. "ఎర్రగానే ఉండాది."

గురప్ప తల ఊపాడు. పందిరి కిందికి వచ్చి స్టూలు మీద కూర్చుని, గుంజకు ఆనుకున్నాడు. రేఖ టీ తెచ్చి ఇచ్చి, సువర్ణను బస్సు ఎక్కించడానికి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి అతను అలాగే ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, ఎండవైపు. రేఖ రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు.

స్టూలు పక్కన, తాగని టీ మీద మీగడ కట్టింది. గ్లాసు మీద నాలుగు వేళ్ల ఎర్రటి తడి గుర్తులు ఆరుతున్నాయి.