నూరో చప్పుడు

ముందే చెప్పేస్తున్నాను, మా ఆయన్ని ఎవరైనా ఒక్క మాటంటే నేనూరుకోను. అనాల్సినవన్నీ నేనే అంటాను. నలభై ఏళ్ళుగా అంటున్నాను, ఆ హక్కు నాకొక్కదానికే ఉంది.

మాది గడియారాల రిపేరు కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు, మధ్యలో పద్నాలుగు చెక్కమెట్లు. ఆయన లోపల బల్ల దగ్గర కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుంటారు. నేను ముందు కూర్చుని, వచ్చిన వాచీకి చీటీ రాసి కడతాను, వచ్చిన మనిషితో కబుర్లు చెబుతాను. మా వీధిలో ఆయన్ని గడియారాల బాబాయి అంటారు. నన్ను పిన్ని అంటారు. వెనకాల ఇంకేమంటారో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మా ప్రాంతం రేడియోలో 'మన వీధులు' అని అరగంట కార్యక్రమం వస్తుంది. ఓ వారం లాండ్రీ వాళ్ళ కష్టసుఖాలు, ఓ వారం బోర్డులు రాసే పెయింటరు, ఓ వారం పాత సినిమాహాల్లో ముప్పై ఏళ్ళు టికెట్లు చింపినాయన. ఎవరో గొప్పవాళ్ళు కాదు, అందరూ మనకి రోజూ ఎదురయ్యేవాళ్ళే. నడిపే అమ్మాయి మాట్లాడుతుంటే పక్కింటి పిల్ల గోడ మీంచి పలకరించినట్టుంటుంది. చివర్లో 'ఈ వారం చప్పుడు' అని పదిహేను సెకన్లు ఊళ్ళో చప్పుడు ఏదో ఒకటి వినిపిస్తారు. అదేమిటో కనిపెట్టి అందరికంటే ముందు ఫోన్ చేసినవాళ్ళతో ఆ అమ్మాయి రెండు నిమిషాలు మాట్లాడుతుంది. బహుమానం అంతే. ఆ రెండు నిమిషాల కోసం ఊరు ఊరంతా చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది.

మా ఆయనకి అది వెన్నతో పెట్టిన విద్య. ఒకసారి కత్తెర చప్పుడు వేశారు. "సెలూన్ కత్తెరమ్మా. కానీ మధ్యలో జుట్టు లేదు, ఊరికే ఆడిస్తున్నాడు" అన్నారు. ఆ అమ్మాయి పక్కనున్నవాళ్ళని అడిగింది. నిజంగానే ఊరికే ఆడించాడట. ఎదురు కొట్టు టైలరు అన్నయ్య కూడా వారం వారం ఫోన్ చేస్తాడు. ఏ చప్పుడు వేసినా కుట్టుమిషనే అంటాడు. ఏమిటయ్యా అంటే, ఏదో ఒక రోజు అదే వేస్తారు కదమ్మా, ఆ రోజు నేను తప్పిపోకూడదు అంటాడు.

ఇలా మా ఆయన ముప్పై చప్పుళ్ళు కనిపెట్టారు. ఆ తరవాత వచ్చింది తంటా.

ఏడాదిన్నర కిందట ఓ మధ్యాహ్నం కొట్టులో ఒక పాత గోడగడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టి ఆగలేదు. లోపల ఏదో ఇరుక్కుంది. పదమూడు, పద్నాలుగు, ఇరవై. వీధిలో పోయేవాళ్ళు ఆగి లోపలికి తొంగి చూస్తున్నారు. నలభై దాటింది. మా ఆయన మాత్రం దానికి రెండు గజాల దూరంలో తల వంచుకుని, చేతిలో వాచీకి నిక్షేపంలా ముల్లు బిగించుకుంటున్నారు. ఒకప్పుడు అర సెకను ఆలస్యంగా కొట్టినా తలెత్తే మనిషి. లేచి వెళ్ళి నేనే ఆ గంట కొట్టే సుత్తిని పట్టి ఆపాను. ఆయన తలెత్తి, ఏమిటి అన్నట్టు చూశారు. దుమ్ము దులుపుతున్నానని చెప్పాను.

అప్పటినుంచి గమనించాను. నేనేమన్నా 'అలాగే' అంటున్నారు. కూర మాడిందండీ అంటే అలాగే. కుళాయి పాడైందండీ అంటే అలాగే. గోడలకి చెవులుంటాయంటారు, మా ఇంట్లో గోడలకే మిగిలాయి అనుకున్నాను. చెవుల డాక్టరు ఊసు ఎత్తబోతే, అది మాత్రం ఎలా తెలిసేదో, మొహం అటు తిప్పేసుకునేవారు. ఎందుకో నాకు తెలుసు. పై వీధిలో ఒక ముసలి గడియారాల మెకానిక్కుకి చెవులు పోయాయని తెలిసిన నెలకి కొట్టు మూసుకోవాల్సి వచ్చింది. చెవిటివాడి చేతికి గడియారం ఎవరిస్తారు అని అప్పుడు ఈయనే అన్నారు. ఆ మాట ఆయన గుండెల్లో ఉండిపోయింది. నాకు తెలిసినట్టు కనబడితే మనిషి కుంగిపోతారు. అందుకని తెలీనట్టే ఉన్నాను.

మరి ఆదివారం చప్పుడో? అది ఆగిపోతే ఊరికి అనుమానం వస్తుంది. కాబట్టి నేనే వినడం మొదలుపెట్టాను. చప్పుడు రాగానే ఆయన మొహానికి ఎదురుగా నిలబడి, నాలో నేను గొణుక్కుంటున్నట్టు, పెదాలు బాగా కదిలిస్తూ, "అబ్బ, ఈ పోస్టాఫీసు ముద్రలు వింటుంటే తలనొప్పి" అనేదాన్ని. ఆయన ఓ నాలుగు క్షణాలు ఆగి, తొడ చరుచుకుని, "తెలిసిపోయిందే!" అనేవారు. నంబరు నేను తిప్పేదాన్ని. ఆయన జవాబు చెప్పేసి, అవతల అమ్మాయి ఏమడిగినా 'అలాగే అలాగే, సంతోషం' అని పెట్టేసేవారు. మాటకారి కాదు పాపం, సిగ్గరి అనుకుంది ఊరు. అలా అరవై తొమ్మిది చప్పుళ్ళు నేను కనిపెట్టాను. పేరు ఆయనది, చెవులు నావి. నా చెవులు ఎంత పదునెక్కాయంటే, పక్క సందులో ఎవరింట్లో గిన్నె జారినా ఎవరిదో చెప్పగలను.

తొంభై తొమ్మిదోది అయిన రోజున కొంప మునిగింది. ఆయన ఫోన్‌లో ఉన్నారు, నేను అలమర మీద రేడియోలో వింటున్నాను. బాబాయిగారూ, వచ్చే ఆదివారం నూరోది, మేమే మీ కొట్టుకి వచ్చి అక్కణ్ణుంచే కార్యక్రమం చేస్తాం, మీరు అందరి ముందూ వినాలి, ఒప్పుకుంటారా అని అడిగింది ఆ అమ్మాయి. ఈ మహానుభావుడు నవ్వుతూ, "అలాగే అలాగే, సంతోషం" అని ఫోన్ పెట్టేశారు.

నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. కాసేపయ్యాక ఎదురుగా నిలబడి, వాళ్ళిక్కడికి వస్తున్నారట అని నిదానంగా చెప్పాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా, "నాకు తెలీదా? నేనేగా రమ్మన్నాను" అన్నారు.

మర్నాడు నేను రేడియో ఆఫీసుకి ఫోన్ చేశాను. వద్దని చెబుదామనే చేశాను. ఆ పిల్ల సంతోషం వింటే నోరు రాలేదు. పోనీ ఏం చప్పుడో చెప్పమ్మా అని అడిగాను. మా అమ్మకే చెప్పను పిన్నిగారూ అని నవ్వింది. పైగా, మైకు చీమ చిటుక్కుమన్నా పట్టేస్తుంది, బాబాయిగారు వింటున్నంతసేపూ ఎవరూ నోరు విప్పకూడదు అంది. అసలు సంగతి చెప్పేద్దామా అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది నాది కాదు, ఆయన చెప్పుకోవాల్సింది. మింగేశాను.

శనివారం వాళ్ళ ఇంజనీరుగారు ప్లగ్గులు చూసుకోవడానికి వచ్చారు. బట్టతల, యాభై ఏళ్ళుంటాయి, మాట పొదుపు. మెట్ల కింద పెట్టె ఒకటి ఒళ్ళో పెట్టుకుని, చెవులకి డిప్పలు తగిలించుకుని కూర్చున్నారు. నేను ఆయనకి కాఫీ తేవడానికి పైకెళ్ళాను. ఆ మెట్లంటే ఈమధ్య నాకు ఒళ్ళు మంట. ఎడమ మోకాలు పట్టేస్తోంది. నాలుగో మెట్టుకే ఆగి, పక్క కమ్మీ పట్టుకుని, ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కాలి. ఈ సంగతి రెండో మనిషికి తెలీదు. తెలిస్తే ఇల్లు మార్చాలంటారు, నాకిష్టం లేదు. దిగేటప్పుడు ఆ ఇంజనీరుగారిని, దారికి అడ్డంగా కూర్చోకపోతే కుర్చీలో కూర్చోవచ్చు కదా బాబూ అని కసిరాను కూడా.

ఆదివారం వచ్చింది. కొట్టు ముందు జనం. టైలరు అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు. నా ఏర్పాటు నాకుంది. ఆయనకి ఎదురుగా గుమ్మం దగ్గర స్టూలేసుకుని కూర్చుని, గొంతు లేకుండా పెదాలతో జవాబు అందిద్దామని. తీరా ఆ అమ్మాయి వచ్చి, వీధి రొద మైకులో పడుతుందని ఆయన కుర్చీ గోడవైపు తిప్పేసింది. నాకు ఆయన వీపు కనిపిస్తోంది. వీపుకి పెదాలు చూపించి ఏం లాభం?

కబుర్లయ్యాయి. ప్రశ్నలు ముందే కాగితం మీద ఇచ్చారు కాబట్టి ఆ గండం గడిచింది. ఆ అమ్మాయి మూడు వేళ్ళు చూపించింది, మూడుసార్లు వేస్తామని. బల్ల మీద చిన్న చెక్కపెట్టె లాంటి స్పీకరు పెట్టి, పెదాల మీద వేలు పెట్టుకుంది. అందరూ బిగుసుకుపోయారు.

మొదటిసారి వేశారు. ఏదో టక్కు టక్కుమంటోంది. కంగారులో నాకే ఏమీ తెలీలేదు. మా ఆయన కదల్లేదు. రెండోసారి వేశారు. ఆయన మెల్లిగా వెనక్కి తిరిగి జనంలో నాకోసం చూశారు. నేను కనబడ్డాను, కానీ నా దగ్గర జవాబు లేదు. నలభై ఏళ్ళలో ఆయన అలా బేలగా చూడటం నేను చూడలేదు. ఏడుపొచ్చేసింది.

అప్పుడు ఆయన మొహం పక్కనుంచి నాకు కనబడేలా బల్లవైపు సగం తిరిగి, పళ్ళెంలోంచి పొడుగు స్క్రూడ్రైవరు తీశారు. అది నోట్లో పెట్టుకోవడం ఆయనకి ఏడాదిగా కొత్త అలవాటు. బల్ల దగ్గర వీపు తిప్పుకుని కొరుకుతూ కూర్చుంటే, పాలపళ్ళొస్తున్న పిల్లాడిలా ఏమిటండీ అది అని రోజూ తిట్టేదాన్ని. ఇప్పుడు దాని మొనని స్పీకరు మీద ఆనించి, పిడిని పళ్ళ మధ్య పట్టి, కళ్ళు మూసుకున్నారు. ఓహో! ఆయన కొరకడం కాదు, వింటున్నారు. చెవిలోకి పోని చప్పుడు ఇనుములోంచి ఎముకలోకి పోతోంది. ఇన్నాళ్ళూ గడియారాలు అలా విని బాగుచేశారన్నమాట, మాకెవ్వరికీ కనబడకుండా.

మూడోసారి వేశారు. ఆయన మొహం విచ్చుకుంది. మళ్ళీ అంతలోనే ముడుచుకుంది. స్క్రూడ్రైవరు తీసి, మైకు ముందుకి వంగారు.

"ఇవి మా మెట్లమ్మా. ఎక్కుతోంది మా ఆవిడ."

ఆ అమ్మాయి చప్పట్లు కొట్టబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఇంకా ఉంది. ఇదివరకు పద్నాలుగు మెట్లూ గబగబా ఎక్కేసేది. ఇప్పుడు ఒక కాలు ఈడుస్తోంది. నాలుగో మెట్టు మీద ఆగిపోయింది. దీనికి మోకాలు ఇంత నొప్పిగా ఉందని నాకు తెలీదు. ఎందుకంటే ఏడాదిన్నరగా నాకు సరిగ్గా వినబడదు. ఇన్నాళ్ళూ మీకు జవాబులు చెప్పింది కూడా ఆవిడే. నాకు తెలీదనుకుని చెప్పేది, తెలీనట్టు నేను వినేవాణ్ణి. చాలమ్మా ఈ నాటకం. రేపు నా చెవులూ దాని మోకాలూ తీసుకుని డాక్టరు దగ్గరికెళ్తాను. కొట్టు రేపు ఉండదు."

మా ప్రాంతం ప్రాంతమంతా విన్నది. నా మోకాలి సంగతి ఊరికంతటికీ దండోరా వేసేశారు. ఎంత సిగ్గేసిందో చెప్పలేను, ఎంత సంతోషమేసిందో కూడా చెప్పలేను. మైకు ఉందని మరిచిపోయి, "సరే గానీ, ఎల్లుండి మాత్రం కొట్టు తీస్తాం" అని అరిచాను, ఏడుస్తూనే. జనం నవ్వారు. టైలరు అన్నయ్య కళ్ళు తుడుచుకుని, తన చేతివాచీ విప్పి మా ఆయన ముందు పెట్టాడు. బాగానే నడుస్తోంది కదయ్యా అంటే, అయినా ఓసారి వినండి బావగారూ అన్నాడు.

డాక్టరు ఆయన చెవికి చిన్న మిషను పెట్టాడు. నా మోకాలికి పట్టీ వేసి, మెట్లు తగ్గించమన్నాడు. ఇల్లు మార్చనన్నాను. అందుకని రేడియో, కాఫీ సామాను కిందికి వచ్చేశాయి. కొట్టుకి జనం తగ్గలేదు సరికదా, స్క్రూడ్రైవరు కొరికి చూపించమని పిల్లల్ని తీసుకొస్తున్నారు.

ఆ తరవాతి ఆదివారం ఇద్దరం కొట్టులో పక్కపక్కన కూర్చుని విన్నాం. చప్పుడు వచ్చింది. తలుపు బోల్టు వేసి తీస్తున్నారు అన్నాను నేను.

"కాదు" అన్నారు.

ఏడాదిన్నర తరవాత మా ఆయన నాతో అన్న మొదటి 'కాదు' అది. అలాగే, అలాగే అని తలూపే ఆ సాధువుని నేను చూడలేకపోయాను. నా మొండి మొగుడు తిరిగొచ్చాడు. నేను ఊరుకుంటానా? తలుపు బోల్టే అన్నాను. కాదు, సైకిలు స్టాండు అన్నారు. మీ కొత్త మిషను చెడిపోయిందన్నాను. నీకసలు చెవులెప్పుడున్నాయి అన్నారు. ఆనాటి పాత గోడగడియారంలా ఇద్దరం ఆగకుండా వాదించుకున్నాం. ఫోన్ సంగతే ఎవరికీ గుర్తు లేదు.

అంతలో రేడియోలో టైలరు అన్నయ్య గొంతు వినబడింది. కుట్టుమిషను అంటున్నాడు.

అదేనట.