అమాన్‌క్వా చేసిన ప్రమాణం

రాణీమాత సెర్వా న్యార్కో కేసు వదులుకుంటోందని తెలిసిన రోజు అసెన్‌క్రో ఊరంతా ఆమె మీద దుమ్మెత్తిపోసింది. ముసల్ది జడిసిపోయిందన్నారు కొందరు. అమ్ముడుపోయిందన్నారు ఇంకొందరు. ఆమె వకీలైతే ఫైలు బల్లమీద పడేసి, ఇట్టే గెలిచే కేసు ఇలా చేజేతులా పారేసుకునేదానికి నన్నెందుకు పెట్టుకున్నారు రాణీమాతా అని ముఖం మాడ్చుకున్నాడు. సెర్వా నవ్వి, ఆయనకి ఇంకాస్త వేరుశెనగ పులుసు పొయ్యమని వంటమనిషికి చెప్పింది.

ఆ నవ్వు వెనక ఎంత మంట ఉందో ఊరికేం తెలుసు?

ఆమె తమ్ముడు బోటెన్ ఈ ఊరికి చీఫ్‌గా ఉన్నప్పుడు, ఏటిగట్టు బంగారం తవ్వేవాళ్ళకి ఇవ్వనన్నాడు. అదీ అతని నేరం. చీఫ్‌ని ఎన్నుకునే పెద్దలకు పెద్ద అమాన్‌క్వా. ఎన్నుకునే చేతులకే దించే హక్కూ ఉంది. లేనిపోని దొంగతనం అంటగట్టి, బోటెన్‌ని రాచపీట మీంచి దించి, కాళ్ళ చెప్పులు ఊడబెరికి, సంత నడిబొడ్డున వట్టికాళ్ళతో నడిపించాడు. చీఫ్ పాదం నేలకు తగిలిందంటే మాలో అతని పని అయిపోయినట్టే. బోటెన్ మళ్ళీ వీధి ముఖం చూడలేదు. అక్క ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుని, అలాగే పోయాడు. చావుకి మా ఆచారం ప్రకారం ఎర్రబట్ట కట్టుకొచ్చి అమాన్‌క్వా చెయ్యి చాపితే, సెర్వా చెయ్యి కలిపింది. పరాయివాడు కూడా కాదు, చచ్చిపోయిన చెల్లెలు డూఫీ మొగుడు. నిన్ను నాశనం చెయ్యకుండా నేను చావనురా అని మనసులోనే అనుకుంది.

పీట ఖాళీగా ఉంది. పేరు చెప్పాల్సింది రాణీమాత, ఒప్పుకోవాల్సింది పెద్దలు. ఒకసారి కాదన్న పేరు మళ్ళీ చెప్పకూడదు. ఆమె చెప్పిన ప్రతి పేరునూ అమాన్‌క్వా తోసిపుచ్చి, తన అల్లుడు యావ్ బడూని ముందుకు నెట్టాడు. బంగారం గోతులకు యంత్రాలు అద్దెకిచ్చే మనిషి, ఏ ఊరివాడో ఎవరికీ సరిగ్గా తెలియదు. రాచకడుపున పుట్టనివాడికి పీట దక్కదు కదా, అందుకని ఓ కథ అల్లాడు. బడూ అమ్మమ్మను కన్నతల్లి వెనకటి యుద్ధాల్లో తప్పిపోయిన రాచబిడ్డట. సిగ్గులేని సాక్షుల్ని పోగేసి, చీఫుల సభ తీర్పు సంఘం ముందు దావా వేశాడు. సెర్వా వదులుకుంటోందని ఊరు తిట్టిపోసిన కేసు ఇదే.

విచారణ రోజు అమాన్‌క్వా ఒంటికి చుట్టుకున్న బట్ట మర్యాదగా భుజం మీంచి దించి, ఊరి పీట మీద ప్రమాణం చేసి, బడూ రాచకడుపువాడేనని చెప్పాడు. సాక్షులూ తలూపారు. సంఘం పెద్ద సెర్వా వైపు తిరిగి, మీరేమంటారని అడిగాడు.

"ఇంకేమంటాను? మా మరిది ప్రమాణం చేశాడు. బడూ మా కడుపువాడే. రాయించండి."

పెద్దాయన మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ అదే చెప్పింది. రాసుకున్నారు. వదినకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందని అమాన్‌క్వా అందరికీ వినబడేలా అని, పక్కవాడి తొడ చరిచాడు.

"వచ్చింది మరిదీ. ఇంకొక్క ముక్క కూడా రాయించండయ్యా. ఈ బడూ పెళ్ళాం తివా, నా చెల్లెలు డూఫీ కన్న కూతురు."

మాలో వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. కడుపు ఒకటైతే అన్నాచెల్లెళ్ళే. అలాంటివాళ్ళు కాపురం చేస్తే పీట మైలపడుతుంది, పిల్లలతో సహా ఊరవతలికి వెళ్ళగొడతారు. ఇది అమాన్‌క్వాకి తెలియదా? పదిమందికి చెప్పేవాడే. కానీ అతనికి బడూ ఎప్పుడూ బయటివాడే. కథ అల్లింది కోర్టు కోసం, ఇంట్లో ఒక్క పూట కూడా దాన్ని నమ్మలేదు. నమ్మి ఉంటే కూతురి కాపురం గుర్తొచ్చేది.

"కూతుర్ని అన్నకిచ్చి చేశావా మరిదీ, లేకపోతే పీట మీద దొంగప్రమాణం చేశావా? ఏది రాయించమంటావో నువ్వే చెప్పు. నాకేదైనా ఒకటే."

వెనక వరసలో తివా పిల్లల్ని దగ్గరికి లాక్కుని తండ్రి వైపే చూస్తోంది. అమాన్‌క్వా ఆమెని చూసి నోరు విప్పాడు.

"అబద్ధమాడాను."

"వెనకవాళ్ళకి వినబళ్ళేదు," అంది సెర్వా.

మళ్ళీ చెప్పాడు. తమ్ముడు పోయాక సెర్వాకి అంత కమ్మగా వినిపించిన మాట ఇంకొకటి లేదు.

దావా కొట్టేశారు. గొర్రెను కోసి ప్రాయశ్చిత్తం చేసుకోమన్నారు, పెద్దరికం ఊడబెరికారు. బయట ఆడవాళ్ళు పాటలు పాడుతూ సెర్వా తలనిండా గెలుపు గుర్తుగా తెల్లపొడి చల్లారు. ఆ గుంపులోంచే ఆమె తివాని వెతికి పట్టుకుంది. మీ నాన్న చేతిలో కీలుబొమ్మ అవుతాడనే ఇన్నాళ్ళూ నీ పెద్దకొడుకు పేరు ఎత్తలేదని, ఇక ఆ బెడద లేదు గనక పీటకి వాడి పేరే చెబుతానని సంబరంగా అంది.

తివా ఒక అడుగు వెనక్కి జరిగింది. తల్లి పోయాక ఈ పెద్దమ్మ చేతుల మీదే పెరిగిన పిల్ల.

"నాన్న నోరు విప్పకపోయుంటే ఏం చేసేదానివి పెద్దమ్మా?"

"విప్పాడుగా."

"విప్పకపోతే నా పిల్లల్ని ఊరవతలికి తోయించేదానివా?"

లేదమ్మా అంటే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ గోడవైపు తిరిగి పడుకున్న తమ్ముడి వీపు కళ్ళముందు మెదిలింది.

"తోయించేదాన్ని," అంది సెర్వా.

"అయితే నా కొడుకు పేరు నీ నోట రానివ్వకు. వాడికి ఏ పీటా వద్దు." తివా పిల్లల్ని తీసుకుని, తండ్రి ఒక్కడే కూర్చుని ఉన్న అరుగు వైపు వెళ్ళిపోయింది.

సెర్వాకి ఆ పిల్లని వెనక్కి పిలవాలనిపించింది. పిలిచి ఏం చెప్పాలి? మళ్ళీ ఇదే రోజొస్తే మళ్ళీ ఇదే చేస్తుంది. పీటకి చెప్పడానికి ఆమె దగ్గర ఇంకో పేరు లేదు.