విమానం కడుపు కింద

టిఫిన్ డబ్బాల్లో సుభద్ర కూర సర్దుతుంటే, భూమేశ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు. "సనావుల్లా సార్ అడిగిండు. నువ్వు కొత్త షెడ్డుకు వస్తవని చెప్పిన."

"నన్నడగకనే?"

"ఇందుల అడిగేదేముంది? ఇజ్జత్ గల్ల పని. చాయ్ పెట్టినవా?"

పెట్టింది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. ఆయన పెయింటింగులో, ఆమె విమానం రేకులకు రివెట్లు కొట్టే చోట. డ్యూటీ దిగి ఆయన ఫోన్‌తో మంచమెక్కితే, ఆమె వంటకు నిలబడేది. "దీని చెయ్యి మగోని చెయ్యి లెక్క పడ్తది" అని దోస్తుల ముందు మెచ్చుకునేవాడు. అదే చెయ్యి నొప్పెడుతోందంటే వినేవాడు కాదు. పెళ్లిచూపుల్లో ఆమె బదులు తండ్రి తలూపాడు. వీసా కాగితాల మీద ఎక్కడ సంతకం పెట్టాలో మొగుడు వేలితో చూపించాడు. "ఊఁ" అనడం తప్ప తన నోటికి ఇంకో పని ఉందని ఆమే మరిచిపోయింది.

యుద్ధం మొదలయ్యాక ప్రయాణికుల విమానాల పని తగ్గింది. కొత్త షెడ్డులో బాంబర్లు బిగిస్తున్నారు. నెల్లూరు నుంచి వచ్చిన సూపర్‌వైజర్ సనావుల్లా ఆమెను ఓ భారీ విమానం కడుపు కిందికి తీసుకెళ్లాడు. రెండు పెద్ద తలుపులు వేలాడుతున్నాయి.

"ఇవేమ్మా నీ పని."

"మనుషులెక్కేటియా సార్?"

"కాదమ్మా." ఆయన గొంతు తగ్గింది. "పైకి పోయినాక తెరుచుకుంటాయి. బాంబులు పడేది ఇందులోంచే."

అవతలి వైపు రివెట్లు కొడుతున్న కడప దిల్షాద్ బేగం తల తిప్పింది. "మనం కొట్టకుంటే ఇంకొకరు కొడతారు, సుభద్రా. యల్లా, రా."

సుభద్ర రేకు మీద చెయ్యి వేసింది. చల్లగా, నున్నగా ఉంది. ఎక్కడో ఒకామె తడిబట్టలు ఆరేస్తూ ఈ విమానం చప్పుడుకు తలెత్తి చూస్తుంది. ఆమెనూ ఎవరూ అడిగి ఉండరు.

"నేను చెయ్య సార్. పాత షెడ్డుల ఊడ్చే పనైనా ఇయ్యుండ్రి."

"మీ ఆయన ఒప్పుకున్నాడు గదమ్మా!"

"ఒప్పుకున్నది ఆయన. ఆయనతోనే కొట్టిచ్చుకోండ్రి."

సనావుల్లా చేతిలోని డ్యూటీ కాగితంలో ఆమె పేరు కొట్టేశాడు. కోపంగా లేడు. "ఖలాస్. చీపురు పనే ఉంది మరి."

సాయంత్రం కబురు తెలిసి భూమేశ్ గదిలో అటూ ఇటూ తిరిగాడు. "మొగోని మాట తీసేస్తవా?"

"నీ మాట నేనెందుకు తీసేస్త? నా మాట నేను చెప్పిన."

అన్నాక, ఆ మాట తన గొంతులో ఎలా ఉందో వింటున్నట్టు అక్కడే కూర్చుండిపోయింది.