గ్రహణం వేళ బజ్జీలు

కాలమనేది నిజంగా ఉందా, లేక మన మనసు కల్పించుకున్నదా అన్నది మా డాబా మీద తేలేలోపు మూడు విడతల టీ అయిపోయింది. "పద్మా, ఇంకో రౌండు" అని మెట్ల మీంచి కేకేశారు మా ఆయన. కాలం లేదని అప్పుడే తేల్చేసిన మనిషికి టీ ఆలస్యమైందని మాత్రం ఎలా తెలిసిందో నాకర్థం కాలేదు. మళ్లీ పాలు పొయ్యి మీద పెట్టాను.

మా ఆయన పేరు చంద్రమౌళి. అరసవల్లి రోడ్డులో మాకు పెయింట్ల కొట్టుంది. ఆదివారం కొట్టు మూస్తాం, డాబా తెరుస్తాం. ఆయన టెలిస్కోపు కొన్న దగ్గర్నుంచీ ఆదివారం సాయంత్రమైతే చాలు, ఆకాశం పిచ్చి ఉన్నవాళ్లంతా మా ఇంటికే చేరతారు. రిటైరైన ఫిజిక్సు లెక్చరరు నరసింగరావు గారు, ఆమదాలవలస స్టేషన్లో టికెట్లిచ్చే హరిబాబు, ఇంకా ఇద్దరు ముగ్గురు. మంచివాళ్లే. పేకాట లేదు, తాగుడు లేదు. "అదృష్టవంతురాలివే పద్మా, నా కొడుకు సుక్కలు సూస్తాడు గానీ సుక్కేసుకోడు" అంటుంది మా అత్త లక్ష్మణమ్మ. అవునత్తా, అంటాను నేను.

నా ఖగోళశాస్త్రమంతా మెట్ల మీద నేర్చుకున్నదే. ట్రేతో ఎక్కేటప్పుడు ఒక ముక్క, ఖాళీ గ్లాసులతో దిగేటప్పుడు ఒక ముక్క. ఎక్కేటప్పుడు "మనకి కనపడే నక్షత్రం ఇప్పుడక్కడ ఉందో లేదో తెలీదు, మనం చూసేది ఎప్పటిదో వెలుగు" అని నరసింగరావు గారి గొంతు. దిగేటప్పుడు "అయితే ఉండడమంటే ఏటి సార్?" అని హరిబాబు గొంతు. జవాబు నాకు దొరకదు, కింద నూనె కాగుతుంటుంది. మిగతా సగం గిన్నెలు తోముకుంటూ నేనే ఆలోచించుకుంటాను. వెలుగులాగే మాటలు కూడా ఆలస్యంగా చేరతాయనిపిస్తుంది. పెళ్లైన కొత్తలో డిగ్రీ పూర్తి చేస్తానంటే మా ఆయన "ఏటి సేస్తావే సదివి? కొట్లో రంగులు కలపడానికి డిగ్రీ కావాలేటి?" అన్నారు. ఇంట్లో అందరితోపాటు నేనూ నవ్వాను. అన్న మనిషి ఆ మాట ఎప్పుడో మర్చిపోయాడు. నాకు మాత్రం అది మొన్నామధ్య, పప్పుకి పోపు వేస్తుంటే, వచ్చి తగిలింది. ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్ల తర్వాత ఎవరి మీద అరుస్తాను? పోపు మాడిపోయిందని ఆ పూట నేనే మాటపడ్డాను.

ఒకసారి ఉండబట్టలేక నేనే అడిగేశాను. "కాలం లేదంటన్నారు కదా, మరి మనిషెందుకు ముసలైపోతాడండీ?" నరసింగరావు గారు "భలే ప్రశ్న!" అన్నారు. అని, నా వైపు కాదు, మా ఆయన వైపు తిరిగి జవాబు మొదలెట్టారు. "ముందు పకోడీలు ముసలైపోకుండా పట్రాయే" అన్నారు మా ఆయన. అందరూ నవ్వారు. నేను పకోడీలకి దిగాను.

ఇలా ఉండగా మాఘ పౌర్ణమికి సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చింది. ముందు ఆదివారం మా ఆయన గ్లోబు, బంతి పట్టుకుని అందరికీ చెబుతుంటే విన్నాను. భూమి నీడలోకి పూర్తిగా వెళ్లినా చంద్రుడు నల్లబడడట, ఎర్రబడతాడట. ఆ క్షణాన భూమి అంచు చుట్టూ ఎక్కడెక్కడ తెల్లారుతోందో, ఎక్కడెక్కడ పొద్దుగూకుతోందో, ఆ ఎరుపంతా వంగి వెళ్లి చంద్రుడి మీద పడుతుందట. ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ప్రపంచంలోని సాయంత్రాలన్నీ ఒక్కచోట! పెళ్లయ్యాక నేను ఒక్క సాయంత్రాన్నైనా తీరుబడిగా చూసి ఎరగను. ఆ వేళకి దీపం పెట్టాలి, అత్తకి కాఫీ ఇవ్వాలి, రాత్రికి కూర తరగాలి. ఈసారి మాత్రం ఆ ఎరుపు చూసి తీరాలనుకున్నాను. అంత గట్టిగా నేనేదైనా కోరుకుని చాలా కాలమైంది.

మా ఆయన ఆలోచన వేరు. "గ్రహణం వేళ తినకూడదని జనానికి భయం. మనం డాబా మీద వేడివేడిగా మిరపకాయ బజ్జీలు తిందాం. పేపరు విలేకరి ధనరాజ్ వచ్చి ఫొటో తీస్తాడు. మూఢనమ్మకం అలగైతేనే పోతాది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. బజ్జీలు ఎవరు వేస్తారని ఒక్కరూ అడగలేదు. భూమి తిరిగినట్టే అదీ దానంతటది జరిగిపోతుందనుకున్నారు కాబోలు.

కింద అత్త ధోరణి ఇంకోటి. గ్రహణం రోజు మధ్యాహ్నం నుంచీ పొయ్యి వెలగకూడదు. పచ్చడి జాడీల మీదా నీళ్ల బిందెల మీదా దర్భలు వెయ్యాలి. "పొయ్యి ముట్టించావంటే ఇంటికి అరిష్టమే. నీ మొగుడికి నువ్వు సెప్పుకో" అంది. చెప్పాను. "మా అమ్మకి నువ్వే నచ్చసెప్పు" అన్నారాయన. తల్లీకొడుకులు పక్కపక్కనే కూర్చుని ఒకే పళ్లెంలో జంతికలు తింటూనే ఉన్నారు. యుద్ధం మాత్రం నా మీంచి జరుగుతోంది.

కిందటి గ్రహణానికీ ఇదే తంతు. ఆయన మాట కాదనలేక బజ్జీలు వేశాను. పళ్లెం పట్టుకుని పైకి వెళ్లేసరికి చంద్రుడు ఏమీ ఎరగనట్టు తెల్లగా ఉన్నాడు. "అయ్యో వదినా, ఇప్పుడే విడిసిపోయింది" అన్నాడు హరిబాబు బజ్జీ అందుకుంటూ. కిందకి దిగితే అత్త: "వంటిల్లు మైలపడిపోయింది. అంతా కడిగి తలకి పోసుకో." విజ్ఞానం కోసం వేయించాను, ఆచారం కోసం కడిగాను. తెల్లారేసరికి జలుబు పట్టుకుంది.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. బొబ్బిలిలో మా అమ్మ చేతులు ఏడాది పొడుగునా ఖాళీగా ఉండేవి కావు. గ్రహణం పూట మాత్రం గోడకి చేరబడి, హాయిగా కాళ్లు చాపుకుని కూర్చునేది. "గ్రహణమమ్మా, ఏ పనీ సెయ్యకూడదు" అనేది, ముఖమంతా నవ్వు చేసుకుని. ఆ నియమం పెట్టింది ఏ అలిసిపోయిన ఆడదో అయ్యుంటుందని ఇప్పుడనిపిస్తుంది. ఆ ఒక్క సెలవునీ మా ఆయన మూఢనమ్మకమని రద్దు చేశారు. సైన్సు మీద నాకే కోపమూ లేదు. దాని వంటావార్పూ నా నెత్తిన పడ్డందుకే కోపం.

ఆ సాయంత్రం చంద్రుడు ఒక అంచు కొరికేసినట్టుగానే పైకొచ్చాడు. డాబా నిండింది. మా ఆయన శనగపిండి, మిరపకాయలు వంటగట్టు మీద పెట్టి, "ఇప్పుడు మొదలెడితే ఎర్రబడే వేళకి వేడిగా ఉంటాయి, బేగి కానీ" అనేసి వెళ్లిపోయారు. నేను మూకుడు కిందకి దింపి బోర్లించాను. సిలిండరు కట్టేశాను.

"పొయ్యి వెలిగించనత్తా" అన్నాను.

"నా తల్లే! నా కోడలు బంగారం" అంది అత్త. "అయితే తలుపులేసి ఇలగొచ్చి కూకో. గ్రహణం కంట పడకూడదు."

నేను ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకుని మెట్ల వైపు నడిచాను.

"ఎక్కడికే? సూడకూడదని సెప్తన్నానా!"

"పొయ్యి సంగతిలో మీ మాట విన్నాను కదత్తా. సూడ్డం సంగతిలో మీ అబ్బాయి మాట వింటాను."

మెట్లెక్కాను. టెలిస్కోపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ డాబా మీద నేను కూర్చోవడం అదే మొదటిసారి. మా ఆయన నా చేతుల వైపు చూశారు, నా వెనక చూశారు.

"బజ్జీలేవి?"

"గ్రహణం కదండీ. పొయ్యి వెలిగించలేదు."

"ఏటి, నువ్వు కూడానా! ఇన్నేళ్లు నాతో ఉండి నేర్సుకున్నది ఇదేనా?" అన్నారు, అందరూ వినేలా.

"నాకే భయమూ లేదండీ. ఈ పూటకి సెలవు తీసుకున్నాను, అంతే. కింద పిండి ఉన్నాది, మిరపకాయలున్నాయి. మూఢనమ్మకం పోగొట్టాలంటే మీరే వేసుకోండి."

ధనరాజ్ కెమెరా సర్దుకుంటూ, "అవును సార్, మీరే బజ్జీలు వేస్తన్నట్టు తీస్తే ఫొటో ఇంకా బాగుంటాది" అన్నాడు, పాపం, మంచి మనసుతోనే. అంతమంది ముందు మా ఆయనకి ఇక దారి లేకపోయింది. ధనరాజ్‌నీ, తోడుగా హరిబాబునీ వెంటేసుకుని కిందకి దిగారు. కాసేపటికి అత్త కేక వీధి చివరి దాకా వినిపించింది.

"ఓలమ్మో, ఓలమ్మో! మగోడు పొయ్యి కాడ నిలబడ్డాడే! నా కొడుకు సేత మూకుడెట్టించిందే!"

పొయ్యి వెలిగినందుకు కాదు ఆ ఏడుపు. గ్రహణం సంగతి ఆవిడకి గుర్తే లేదు. ఇన్నాళ్లూ వీళ్లిద్దరిదీ చెరో దారి అనుకున్నాను. పొయ్యి దగ్గర ఎవరుండాలన్న విషయంలో తల్లీకొడుకులకి ఏనాడూ పేచీ లేదని అప్పుడు తెలిసింది.

టెలిస్కోపుకి కన్ను ఆనించాను. చంద్రుడంతా మాగిన రేగుపండు రంగు. ఆ ఎరుపులో ఎక్కడో తెల్లారుతున్న ఊరుంది, అక్కడెవరో పొయ్యి వెలిగిస్తూ ఉంటుంది. ఇంకెక్కడో పొద్దుగూకుతున్న ఊరుంది, అక్కడెవరో కూర తరుగుతూ ఉంటుంది. తలెత్తి చూసే తీరిక లేని వాళ్లందరి ఉదయాలూ సాయంత్రాలూ వచ్చి నా కంట్లో పడుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఇంత సంతోషంతో ఎప్పుడూ ఏడవలేదు.

"ఏం కనిపిస్తోందమ్మా?" అన్నారు నరసింగరావు గారు. ఈసారి నన్నే అడిగారు.

చెప్పబోతుంటే కింద నుంచి మా ఆయన గొంతు. "పద్మా! ఉప్పెక్కడే?"

నా కాలు దానంతటదే మెట్ల వైపు కదిలింది. దాన్ని వెనక్కి తెచ్చుకున్నాను.

"వెతుక్కోండి" అని కేకేశాను, కన్ను తియ్యకుండానే.