తలుపు తీసే సీను

రాచర్ల మండలంలో ఆ ఊరికి ఏ సినిమా అయినా ముందు చెన్నకేశవులు నోట్లోంచే రావాలి. గిద్దలూరులో కొత్త బొమ్మ పడిందంటే ఆయన ఆటో ఎక్కి పోయి చూసి వస్తాడు. మర్నాడు పొద్దున టీ బంకు బల్ల మీద కూర్చుని మొదలుపెడితే హీరో ఆయనే, విలన్ ఆయనే, ఏడుపు సీనులో పైగుడ్డ కొస కళ్ళకద్దుకునే తల్లీ ఆయనే. డబ్బు పెట్టి చూసొచ్చినవాళ్ళు కూడా, "బొమ్మకంటే కేశవులన్న చెప్పిందే నయం" అనేవాళ్ళు. కంది చేను తప్ప చెప్పుకోవడానికి ఇంకేమీ లేని మనిషికి ఆ మాట ఎంత తీపో వేరే చెప్పాలా?

జిల్లాల హద్దులు మార్చిన మరుసటేడు, కంది పూత మీదుండగా, ఆ ఇంగ్లీషు డబ్బింగు సినిమా వచ్చింది. కలలోకి పోతారట, ఆ కలలో ఇంకో కలట, మేలుకున్నామనుకుంటే అదీ కలేనట. కాలేజీ కుర్రాళ్ళు ఇంటర్వెల్‌కే లేచి వచ్చేశారు.

"కేశవులు మామా, ఇది నీ వల్ల గాదులే."

"ఎందుగ్గాదురా? సినిమా అన్నాక కథ ఉంటాది. కథంటూ ఉంటే నాకు దొరక్క యాడికి పోతాది?"

మీసం మీద చెయ్యేసి పోయాడు గానీ, అంతకుముందు రాత్రంతా అడవి పందులకు కావలి కాసి, చేలోంచి అటే పోయాడు. హాల్లో ఏసీ. మెత్తటి కుర్చీ. తెర మీద ఒక దొరసాని. మొగుడు చనిపోతే తలకు ఏదో మిషను తగిలించుకుని, కలల్లోకి పోయి అతన్ని వెతుకుతుంటుంది. మెట్లు దిగుతుంటే పై అంతస్తు వస్తుంది. వాన నేలలోంచి పైకి కురుస్తుంది. చివరికొక ఇల్లు, మూసిన తలుపు. అవతల నుంచి మొగుడు తడుతున్నాడు. అక్కడిదాకా చెన్నకేశవులుకు బాగా గుర్తు. తర్వాత లైట్లు వెలిగాయి. ఊడ్చే మనిషి భుజం తట్టి, "లెయ్ పెద్దాయనా, అయిపోయింది" అన్నాడు.

నిద్రపోయానని ఆయనకు తెలుసు. అయినా తలుపు తెరుచుకోవడం కళ్ళకు కట్టినట్టుంది. మనిషి గడప ముందర కాళ్ళు కడుక్కున్నాడు. చల్ల అడిగాడు. ఆమె చెంబుతో తెచ్చి ఇస్తే గటగటా తాగి, "నేను పోయినానని ఎవురు చెప్పినారే నీకు? అదంతా నువ్వు కన్న కల" అన్నాడు.

దొరల సినిమాలో చల్ల ఏమిటన్న అనుమానం ఆటోలో వస్తుంటేనే తగిలింది. కానీ మర్నాడు బల్ల చుట్టూ జనం మూగారు. వెక్కిరించిన కుర్రాళ్ళే నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. తలుపు దగ్గర ఆపితే పరువేముంటుంది? ఆపలేదు.

"ఆ దేశంలో చల్ల తాగుతారా అన్నా?" టీ బంకు పిచ్చయ్య అడగనే అడిగాడు.

"డబ్బింగురా! డబ్బింగన్నాక మన తిండే పెడతారు. లేకుంటే మనకెట్ల అర్థమైతాది?"

అందరూ నవ్వి ఒప్పుకున్నారు. నవ్వనిది వెంకటసుబ్బులమ్మ ఒక్కతే. చక్కెర కోసం వచ్చి, పొట్లం గుండెలకు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. వరసకు చెన్నకేశవులుకు అత్త. ఆమె యర్రగొండపాలెంలో చుట్టాలింటికి పోయినప్పుడు మొగుడు రంగయ్య చేలో కుప్పకూలి ప్రాణం విడిచాడు. ఆమె వచ్చి చేరేసరికి శవానికి స్నానం కూడా అయిపోయింది. ఆఖరి మాటంటూ లేదు.

సాయంత్రం ఆమె చెన్నకేశవులు వాకిట్లోకి వచ్చింది.

"అల్లుడా, నన్ను ఆ సినిమాకు తీస్కపో. ఆ తలుపు తీసే సీను సూడాల నేను."

"నీకెందుకు అత్తా ఆ ఇంగ్లీషు గోల? తలకాయ నొప్పి. ఈపాటికి తీసేసి కూడా ఉంటారు."

"ఆటో పేతురును అడిగినా. ఇంకా ఆడతా ఉండాదంట." పైట సర్దుకుని, "ఒక్కసారి సూస్తే సాలు" అంది.

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోట్లోంచి, "రేపు పోదాం" అన్న మాట వచ్చింది.

మర్నాడు ఆమె పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుని వచ్చింది. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది. ఆ చీర చూసి చెన్నకేశవులు కళ్ళు దించుకున్నాడు.

హాల్లో ఆమె కుర్చీ అంచున కూర్చుంది. మెట్లు రాగానే, "ఇప్పుడా?" అంది. వాన రాగానే, "ఇంక దగ్గరికొచ్చిందా?" అంది. "ఉండత్తా" అంటూ ఆయన తెరను మింగేసేటట్టు చూస్తున్నాడు. తలుపు తర్వాత ఏముందో ఆ హాల్లో ఆమెకెంత తెలుసో ఆయనకూ అంతే తెలుసు. దేవుడా, ఆ దొరసాని చేత తలుపు తీయించు, నీకు టెంకాయ కొడతా అని మొక్కుకున్నాడు. అబద్ధం నిజం కావాలని మొక్కడం ఆయనకదే మొదలు.

ఇల్లు వచ్చింది. తలుపు వచ్చింది. మొగుడు పేరు పెట్టి పిలుస్తూ తట్టాడు. దొరసాని గడియ మీద చెయ్యేసింది. తలుపు తీస్తే ఇక ఎన్నటికీ మేలుకోవడం ఉండదు, కలలోనే ఉండిపోవాలి. చెయ్యి గడియ మీదే ఉంది. కన్నీళ్ళు కారుతున్నాయి.

"తియ్యే," అంది వెంకటసుబ్బులమ్మ. గొణుగుడు కాదు, పక్కింటామెను పిలిచినట్టు గట్టిగా. "తియ్యవే తల్లీ, పాపం బయట నిలబడినాడు."

వెనక వరుసల్లో నవ్వులు లేచాయి. "అవ్వా, నువ్వే పోయి తియ్యి!" అని ఎవడో అరిచాడు.

దొరసాని చెయ్యి వెనక్కి తీసుకుంది. వెనుదిరిగి నడిచింది. తలుపు తట్టే చప్పుడు సన్నబడి సన్నబడి ఆగిపోయింది. మంచం మీద ఆమె కళ్ళు తెరిచింది. సినిమా అయిపోయింది.

జనం లేచి పోతున్నా వెంకటసుబ్బులమ్మ లేవలేదు. "ఆ సీను కోసేసినారు అల్లుడా," అంది.

తప్పించుకునే దారి ఆమే చూపింది. అవునత్తా, ఆట తొందరగా ముగియాలని కోసేస్తారు వీళ్ళు, అంటే సరిపోయేది. చెన్నకేశవులు ఆ మాట అనడానికి గొంతు సవరించుకునేలోపే ఆమె లేచి గేటు మనిషి దగ్గరికి పోయింది.

"నాయనా, మొగుడు ఇంట్లోకొచ్చి చల్ల తాగే సీను ఏసినారు గాదే. దాని కోసమే వచ్చినా. అదొక్కటి ఏసి సూపియ్యి, నీకు పుణ్యముంటాది."

"చల్లా?" గేటు మనిషి పక్కవాణ్ణి పిలిచాడు. "ఒరే, ఇటు రా, అవ్వకు చల్ల సీను కావాలంట!"

బయటికి పోతున్నవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఆమె అందరి ముఖాల్లోకీ ఆశగా చూస్తోంది, ఒక్కరైనా ఉందంటారేమోనని. చెన్నకేశవులు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"అత్తా, ఆ సీను సినిమాలో లేదు. నేను నిద్రబోయినా. అది నాకొచ్చిన కల. ఊర్లో పరువు పోతాదని కథలో కలిపి చెప్పినా."

గేటు మనిషి పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. గోడ పక్కకు నడిచి అడిగింది:

"నీ కలలో వచ్చినాయన ఎవురు? మీ మామేనా?"

ఔనంటే ఆమె ముఖం వెలుగుతుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఇంకొక్క అబద్ధం, అదీ పుణ్యానికి. కానీ పెళ్ళిళ్ళకు కట్టే ఆ చీర ఎదురుగా ఉంది.

"కాదత్తా. నేనే. గొంతెండిపోయి ఉంటే నాకు నేనే కనబడినా."

ఆమె తల ఊపింది. దువ్వుకున్న జుట్టును అరచేత్తో ఒకసారి తడుముకుని, పైట తల మీదికి లాక్కుంది, ఆ ముస్తాబును దాచుకుంటున్నట్టు.

"నేనెందుకొచ్చినానో ఊర్లో చెప్పమాక. ఈ వయసులో దీనికిదేం పోయేకాలమని నవ్వుతారు."

తిట్టి ఉంటే ఆయనకు బాగుండేది.

ఆటోలో పేతురు వెనక్కి తిరిగి, "ఏంది మామా, రెండోసారి సూసినావు! ఈసారి ఇంకా బాగా చెప్తావా?" అన్నాడు.

"నాకు అర్థం గాలేదు."

"నీకే అర్థం గాకుంటే ఇంకెవురికైతాది? బెట్టు సేయకు మామా."

"నీ బండి నువ్వు సూసి తోలు నాయనా," అంది వెంకటసుబ్బులమ్మ.

టీ బంకు దగ్గర ఆటో ఆగగానే బల్ల మీద నలుగురు జరిగి చోటిచ్చారు. ఆమె దిగి, ఎవరి వంకా చూడకుండా ఇంటికేసి నడిచింది. పిచ్చయ్య అప్పుడే గ్లాసులో టీ పోస్తున్నాడు.

"అన్నా, రా!"

చెన్నకేశవులు ఆటోలోంచి కదల్లేదు. "మా ఇంటిదాకా పోనీరా పేతురూ," అన్నాడు.