మూతకు పావు చుట్టు

పడవ మీద డీజిల్ క్యాను మూత ఎవరూ బిగించి ఉంచరు. ఎండకు లోపలి ఆవిరి పొంగి క్యాను ఉబ్బుతుంది. పగిలిందంటే డీజిలంతా డెక్కు పాలు. అందుకని మూత బిగించాక మళ్ళీ ఒక పావు చుట్టు వెనక్కి తిప్పి వదులుతారు. యారాడలో బోటు ఇంజన్లు బాగుచేసే అప్పలసూరి చేతికి అది చిన్ననాటి అలవాటు. అలా తిప్పుతున్న సంగతి అతని బుర్రకు కూడా తెలియదు.

శనివారం సాయంత్రం రెండు క్యాన్లలో ఇథనాల్ నింపి మూతలు పెట్టినప్పుడూ చెయ్యి తన పని తాను చేసింది. తర్వాత ఆ క్యాన్లను చేపలు దాచే ఐసు పెట్టెలో నిలబెట్టి, ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన ఐసు మూతలు మునిగేదాకా పోశాడు. రేసు కారుకు ఇంధనం ఎంత చల్లగా ఉంటే అంత మంచిదట. ఐసు పెట్టె ఆలోచన అతనిదే. అందరూ మెచ్చుకున్నారు.

కారు దేవిశ్రీది. దేవిశ్రీ అప్పలసూరి అన్న కూతురు. వారమంతా పోర్టులో కంటైనర్ ట్రైలర్ నడుపుతుంది, సెలవు దొరికితే రేసుకు పోతుంది. కారు పాతదే. దాని ఇంజన్‌కు టర్బో బిగించింది అప్పలసూరి. ల్యాప్‌టాప్ పెట్టి ఆ ఇంజన్‌ను దారిలో ఉంచేది నాగవంశీ. వంశీ తండ్రి స్టీల్ ప్లాంటు ఉద్యోగం మీద కృష్ణా జిల్లా నుంచి వచ్చి గాజువాకలో ఉండిపోయాడు.

టర్బో చేసే పని ఇంజన్‌లోకి గాలిని కుక్కడం. అంత గాలి కుక్కితే పెట్రోలు స్పార్కు రాకముందే తనంతట తనే పేలుతుంది. ఇథనాల్ ఓర్చుకుంటుంది. ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని కూడా లాగేస్తుంది. దాంతో ఉన్న పేచీ ఏమిటంటే, పెట్రోలు కంటే బాగా ఎక్కువ పొయ్యాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆ ధార సన్నబడితే పిస్టన్ కరుగుతుంది, ఇంజన్ పగులుతుంది.

పగిలితే ఇంధనం బయటికి చిమ్మి అంటుకుంటుంది. ఆ మంట ఎలాంటిదో వంశీ మొదట్లోనే చూపించాడు. మిట్టమధ్యాహ్నం షెడ్డు బయట నేల మీద ఒక చెంచాడు ఇథనాల్ పోసి అగ్గిపుల్ల వేశాడు.

"అంటుకోనేదురా," అన్నాడు అప్పలసూరి.

వంశీ దాని పైన కాగితం పట్టాడు. కాగితం నల్లబడి ముడుచుకుంది. ఎండలో ఆ మంట కనబడదు. కారుకు అంటుకుంటే లోపల కూర్చున్న మనిషికి ఒళ్ళు కాలేదాకా తెలియదు, ఆర్పడానికి పరిగెత్తినవాళ్ళకూ తెలియదు.

ఆ రోజు నుంచి ఇంధనం పని అప్పలసూరి ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. కలిపేది, చూసేది, పోసేది తనే.

పోటీ ఆదివారం, పరవాడ అవతల, ఇంకా ఫ్యాక్టరీలు రాని ఒక లేఅవుట్‌లోని సిమెంటు రోడ్డు మీద. రెండేసి కార్లు గీత దగ్గర పక్కపక్కన నిలబడి, లైట్లు పసుపు నుంచి పచ్చకు మారగానే నేరుగా దూసుకుపోవాలి. రోడ్డుకు రెండు వైపులా పసుపు తాడు కట్టారు. జట్టు మనిషి ఎవరైనా తాడు దాటితే ఆ కారు పోటీలో లేనట్టేనని పరుగు మొదలుపెట్టించే స్టార్టర్ శ్రీరామ్మూర్తి పొద్దున్నే మైకులో చెప్పాడు. ఒకసారి చెప్పి ఊరుకోలేదు కూడా.

ట్యాంకులో ఉన్న పాత ఇంధనంతోనే దేవిశ్రీ ఫైనల్‌కు వచ్చింది. అవతలి కారు భీమిలి అశోక్‌ది. అప్పలసూరి ఐసు పెట్టెలోంచి ఒక క్యాను తీసి, పైన తడి తుడిచి, కొంచెం గాజు సీసాలోకి వంపాడు. సీసాను ఎండకు ఎత్తి పట్టాడు. బోటు డీజిలును అలాగే చూస్తారు. నీళ్ళు కలిస్తే అడుగున గీత గీసినట్టు వేరుగా నిలబడతాయి.

"సూసుకో. అడుగున సుక్క నీరు నేదు."

వంశీ సీసా అందుకున్నాడు. "మధ్యలో ఏంటి బాబాయ్, తెల్లగా, దారప్పోగుల్లాగా?"

"సీసా గుడ్డెట్టి తుడిసినాను. దాని పోగులే."

వంశీ సీసాను ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దూరం జరిపాడు. "బాబాయ్, ఇది చేపల కంపు కొడుతోంది."

టెంటు కింద ఉన్నవాళ్ళు నవ్వారు. పక్క జట్టులో ఒకడు అందుకున్నాడు: "యారాడ సరుకు కదేటి, ఉప్పేసి ఎండబెట్టుంటారు." ఈసారి అవతలి టెంటువాళ్ళు కూడా నవ్వారు.

అప్పలసూరి సీసా లాక్కుని బిరడా పెట్టి జేబులో వేసుకున్నాడు. "సేపలోళ్ళకాడ సేపల వాసనే వత్తాది. అత్తరు కావాలంటే మీ గాజువాకలో కొనుక్కో."

"అయ్యో, నేనన్నది అది కాదు బాబాయ్..."

"మరేటన్నావు? నువ్వు పుట్టకముందునించీ ఇంజన్లకి తిండెడతన్నాన్రా నాను."

హెల్మెట్ చేత్తో పట్టుకుని దేవిశ్రీ వచ్చింది. "ఏటి గొడవ? సిన్నాన్నా, అది బాగుందా, నేదా?"

"బాగుంది."

"అయితే పోసీ. నవ్వినోళ్ళ సంగతి గీత దాటినాక సూద్దాం."

అప్పలసూరి క్యాను ఎత్తి ట్యాంకులో పోశాడు. వంశీ ల్యాప్‌టాప్ మూసి, కారు వెనక నడిచాడు.

మెడ మీద వేసుకోవడానికి తడిగుడ్డ కావాలని దేవిశ్రీ ప్రతి పరుగు అయ్యాక అడుగుతుంది. అప్పలసూరి గుడ్డ తీసుకుని ఐసు పెట్టె దగ్గరకు వెళ్ళి మూత తెరిచాడు. ఐసు సగానికి పైగా కరిగింది. రెండో క్యాను నిలబడే ఉంది. దాని నెత్తిన, మూత చుట్టూ ఉండే గుంటలో కరిగిన నీళ్ళు నిలిచాయి. నీళ్ళలో చేప పొలుసు ఒకటి తేలుతోంది. ఏళ్ళ తరబడి చేపలు పెట్టిన పెట్టె అది. ఎంత కడిగినా పలకల సందుల్లో జిగురు ఉండనే ఉంటుంది.

క్యానును జరుపుదామని రెండు చేతులతో పక్కలు పట్టుకున్నాడు. గుంటలోని నీళ్ళలో బుడగలు లేచాయి. చేతులు వదిలాడు. గుంటలో నీళ్ళు తగ్గాయి. పొలుసు మూత అంచుకు వచ్చి ఆనుకుంది.

మళ్ళీ నొక్కాడు. బుడగలు. వదిలాడు. నీళ్ళు ఇంకొంచెం లోపలికి దిగాయి.

మూత పట్టుకుని తిప్పి చూశాడు. పావు చుట్టు తిరిగి బిగిసింది.

అప్పుడు జేబులో సీసా గుర్తొచ్చింది. తీసి చూశాడు. అడుగున నీటి గీత లేదు. కానీ ఇందాకటి పోగులు ఒకదానికొకటి అతుక్కుని, విరిగిన పాలలో తరకల్లా తిరుగుతున్నాయి. ఇథనాల్ అంటే సారాయే. చేపల జిగురు సారాలో పడితే పాలలా విరుగుతుందని అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. నీళ్ళు డీజిలులో అయితే అడుగున నిలబడేవి. ఇందులో కలిసిపోయాయి. వాటితో వచ్చిన జిగురు మాత్రం విరిగింది. ఇప్పుడు అది కారు ఫిల్టర్ దగ్గర చేరుతూ ఉంటుంది. మెల్లగా పోతున్నంతసేపు ఏమీ కాదు. పూర్తిగా తొక్కితే ఇంజన్‌కు కావలసిన ధార ఆ ఫిల్టర్ దాటి రాదు.

రోడ్డు వైపు నుంచి టైర్లు రుద్దుతున్న చప్పుడు వచ్చింది. గీత దగ్గరకు రాకముందు టైర్లు వేడెక్కడానికి అలా రుద్దుతారు. ఆ చప్పుడు మధ్యలో దేవిశ్రీ ఇంజన్ ఒకసారి దగ్గింది. జనానికి అది వినబడి ఉండదు. అప్పలసూరికి వినబడింది.

పరిగెత్తాడు.

తాడు దగ్గరికి వచ్చేసరికి పొగ తేలిపోతోంది. రెండు కార్లూ గీత వైపు జరుగుతున్నాయి. తాడుకు ఇవతల వంశీ ఉన్నాడు.

"ఆపించు! కారు ఆపించరా!"

"ఏంటి బాబాయ్?" ఇంజన్ల మోతలో వంశీకి మాట అందలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టాడు.

అప్పలసూరి స్టార్టర్ వైపు చేతులు ఊపాడు. శ్రీరామ్మూర్తి లైట్ల వైపు తిరిగి ఉన్నాడు. దేవిశ్రీ చూపు కూడా లైట్ల మీదే. ఆ రెండు చూపులూ ఇటు తిరగవు.

టెంటు కింద నవ్వినవాళ్ళు తాడు పొడుగునా నిలబడి ఉన్నారు. తాడు దాటితే ఫైనల్ పోతుంది. ఎందుకు దాటావంటే అందరి ముందూ చెప్పాలి. తాడు మీద అప్పలసూరి చెయ్యి పడింది, ఆగింది. ఒక దగ్గు విన్నాను, అంతేనేమో, ఫిల్టర్ ఈ కాస్త దూరం ఓర్చుకుంటుందేమో అనిపించింది. ఎండలో నల్లబడిన కాగితం కళ్ళ ముందుకు వచ్చింది.

మొదటి పసుపు లైటు వెలిగింది. దేవిశ్రీ ఇంజన్ రేజ్ చేసింది.

తాడు కింద నుంచి దూరి, కారు ముందుకు వెళ్ళి, బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. అద్దం వెనక హెల్మెట్ కదిలింది. కారు ఒక్క కుదుపుతో ముందుకు జరిగింది. ఇనుము మోకాలికి తగిలింది. అతను జరగలేదు.

పక్కన అశోక్ కారు దూసుకుపోయింది.

దేవిశ్రీ ఇంజన్ ఆపింది. మైకులో శ్రీరామ్మూర్తి గొంతు వినబడింది: "రెండో లైను కారు అవుట్. ఎవరండీ ఆ మనిషి? బుర్ర ఉందా ఏటి?"

దేవిశ్రీ తలుపు తోసుకుని దిగి హెల్మెట్ పీకేసింది. "సచ్చేవోడివి! నా కారు కింద పడి సచ్చేవోడివి సిన్నాన్నా! ఏటి సేత్తన్నావ్ నువ్వు?"

"బురదెళ్ళింది లోనికి. ఐసు నీరు, సేపల జిగురు."

"ఎలాగెళ్ళింది?"

జనం చుట్టూ చేరారు. అప్పలసూరి గొంతు తగ్గించలేదు. "మూత నానే వదులుగా ఒగ్గీసినాను. పడవ మీద క్యానుకి ఒగ్గినట్టు. అది సల్లబడి ఆ నీరంతా పీల్సీసింది. ఈ వంశీ వాసనొత్తందన్నాడు. నాను తిట్టినాను."

వంశీ బానెట్ ఎత్తాడు. ఇంధనం పైపులో ఒత్తిడి తగ్గించి ఫిల్టర్ విప్పాడు. లోపలి జాలీ కనబడటం లేదు. తెల్లటి పూత దాని మీద కమ్ముకుని ఉంది. గోటితో గీరితే జున్నులా లేచి వచ్చింది. దాన్ని దేవిశ్రీకి చూపించాడు. నే చెప్పలేదా అనలేదు.

"పూర్తిగా తొక్కుంటే?" అంది దేవిశ్రీ.

"గేరు మార్చకముందే ఇంజన్ పోయేది."

పక్క జట్టువాడు తొంగి చూసి వెళ్ళిపోయాడు.

దేవిశ్రీ ఫిల్టర్‌ను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకసారి పీల్చింది. మళ్ళీ పీల్చింది. "నాకేటీ వాసన రాట్నేదు సిన్నాన్నా."

"నాకూ రానేదమ్మా."

ఆమె ఫిల్టర్‌ను వంశీ చేతిలో పెట్టింది. "ఇకనించి నువ్వే సూడు. మా ముక్కులతో అవదు."

ఆమె గొంతులో కోపం ఇంకా పోలేదు. భీమిలివాళ్ళ టెంటు దగ్గర టపాకాయలు కాలుస్తున్నారు. ఆమె అటు ఒకసారి చూసింది. తర్వాత చిన్నాన్న ప్యాంటు మోకాలి దగ్గర చిరగడం చూసింది. చెయ్యి చాచింది.

"తడిగుడ్డేదీ?"

అతను దాన్ని ఐసు పెట్టె దగ్గరే వదిలేసి వచ్చాడు. ఇద్దరూ అటు నడిచారు. అప్పలసూరి కుంటుతున్నాడు. పెట్టె మూత తెరిచి ఉంది. అతను రెండో క్యాను బయటికి తీసి, పారబొయ్యడానికి పక్కన పెట్టి, మూత బిగించాడు. బిగించాక అతని చెయ్యి మూత మీదే ఉండి, కొంచెం వెనక్కి తిరిగింది.

దేవిశ్రీ ఆ చేతి మీద తన చెయ్యి వేసి, బిగించింది.