పైలట్ కాలరు

మొగుడి మనసు వేరేచోట ఉందని ఉడుక్కునే ఆడదానికి, తిట్టుకోవడానికి సవతి అనే మాటయినా ఉంది. మగవాడి కుళ్లుకు ఆపాటి మాట కూడా లేదు. పైగా మన టైలరు కుళ్లుకున్నది ఏ పక్కింటివాడినో చూసి కాదు. "నీలి కక్ష్య" అనే సైన్స్ ఫిక్షన్ సీరీస్‌లో అంతరిక్ష నౌక నడిపే పైలట్‌ను చూసి. పిలిచి నిలదీద్దామంటే వాడు టీవీలోంచి బయటికి రాడు కదా.

టైలరు భార్య కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేది. వారమంతా ఊళ్లోవాళ్ల చూపు సరిచేసి, ఆదివారం మధ్యాహ్నం సోఫా అంతా తనదే అన్నట్టు కాళ్లు చాపుకుని ఆ సీరీస్ పెట్టుకునేది. చూసిందే మళ్లీ చూసేది. పైలట్‌కు దెబ్బ తగిలితే "అయ్యయ్యో" అని లేచి కూర్చునేది. మొన్న టైలరు వేలికి సూది దిగితే మాత్రం, "చూసుకుని కుట్టొచ్చుగా" అని ఊరుకుంది. ఆ రోజు నుంచి అతనికి కడుపు మంట మొదలైంది.

"వాడిలో అంత ఏముందే?" అన్నాడొకసారి.

"చూస్తేగా తెలిసేది," అంది, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

సరే, శత్రువు గుట్టేదో తేల్చుకుందామని దుకాణంలో కుట్టుమెషిన్ పక్కన ఫోన్ నిలబెట్టి మొదటి ఎపిసోడ్ పెట్టాడు. పైలట్ కనిపించగానే ప్రాణం లేచివచ్చింది. "చంకల దగ్గర కోటు ఎలా లాగుతోందో చూడు! వీణ్ణా మెచ్చుకుంది?" అని ఒక్కడే నవ్వుకున్నాడు.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. నౌకలో సొంతవాళ్లే పైలట్‌ను దొంగ అన్నప్పుడు, టైలరు మెషిన్ ఆపేసి ఫోన్‌తో పోట్లాటకు దిగాడు. రోజుకొక ఎపిసోడ్ అనుకున్నవాడు అన్నం తింటూ ఒకటి, కాజాలు కుడుతూ ఒకటి చూశాడు. చివరి సీజన్ చివరి ఎపిసోడ్ అయ్యాక ఇస్త్రీపెట్టె ఆవిరి మీద నెపం పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. ఇంట్లో మాత్రం నోరు మెదపలేదు. ఇన్నాళ్లూ వెక్కిరించిన మొహం పెట్టుకుని ఏమని చెప్తాడు? పైగా కుళ్లు పోలేదు సరికదా, రూటు మార్చింది. ఆవిడ పైలట్‌ను చూసి నిట్టూరిస్తే, "వాడి గురించి నాకు తెలిసినంత నీకేం తెలుసు?" అని లోపల్లోపల గింజుకునేవాడు.

చివరికి అతను దొరికిపోయింది ఒక కోటు దగ్గర. రిటైరవుతున్న ప్రిన్సిపాల్ గారు వీడ్కోలు సభకు వేసుకోవడానికి కుట్టించుకుంటున్న కోటు అది. ట్రయల్‌కు వచ్చిన రోజున టైలరు భార్య కూడా పని ముగించుకుని దుకాణంలోనే ఉంది.

ప్రిన్సిపాల్ గారు అద్దంలో చూసుకుని అదిరిపడ్డారు. "ఇదేంటయ్యా, కాలర్ ఏటవాలుగా ఉంది? బొత్తాలు భుజం మీదికి ఎందుకెక్కాయి? నేను రిటైరవుతున్నానా, రాకెట్ ఎక్కుతున్నానా?"

టైలరు చెయ్యి తనకు తెలియకుండానే పైలట్ కాలర్ కుట్టేసింది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. ఆ కాలర్ ఎవరిదో ఆవిడకు ఒకరు చెప్పాలా? ప్రిన్సిపాల్ గారు తిట్టవలసినవి తిట్టి వెళ్లాక, మొహమంతా వెలిగిపోతూ దగ్గరికి వచ్చింది.

"చూస్తున్నారా? నిజంగా? ఎంతవరకు వచ్చారు?"

"అయిపోయింది," అన్నాడు కాస్త గర్వంగానే.

"చివరి సీజన్ కూడానా?"

"అదీనూ."

ఆవిడ మొహంలో వెలుగు తగ్గిపోయింది. స్టూలు మీద కూర్చుని, కోటు ఒళ్లో వేసుకుని కాలర్ నిమిరింది.

"నేనింకా అది చూడలేదండీ. పెళ్లయిన కొత్తలో కలిసి చూద్దామంటే, గాల్లో మేడలు నాకొద్దన్నారు. ఎప్పటికైనా మనసు మార్చుకుంటారని, ఆ ఒక్క సీజన్ దాచి ఉంచా. మీరేమో ఈ మెషిన్ పక్కన కూర్చుని చూసేశారు."

ఆవిడ కళ్లలో కనిపించింది కూడా కుళ్లే. కుట్టుమెషిన్‌ను చూసి కుళ్లు.

"ఇప్పుడు చూద్దాం. కథ ఏమీ ముందే చెప్పను, ఒట్టు," అని బతిమాలాడు.

ఆదివారం ఆవిడ కాళ్లు ముడుచుకుని సోఫాలో చోటిచ్చింది. అన్నాళ్లూ అతను ఏడ్చింది ఆ చోటు కోసమే. అయినా కూర్చున్నాక సుఖం లేదు. ప్రతి మలుపుకూ ఆవిడ కళ్లు పెద్దవయ్యేవి, ఊపిరి ఆగిపోయేది. తనకు ఇక ఎన్ని జన్మలెత్తినా ఆ మొదటిసారి రాదు. పైలట్‌ను చూసి కుళ్లుకున్న దానికి రెండింతలు, పక్కన కూర్చున్న సొంత భార్యను చూసి కుళ్లుకున్నాడు.

చివరి ఎపిసోడ్ వచ్చింది. పైలట్ నవ్వుతూ తలుపు దగ్గరికి నడిచాడు. ఆవిడ కూడా నవ్వింది. ఆ తలుపు వెనక ఏముందో తెలిసిన టైలరు గట్టిగా పెదవి కొరుక్కున్నాడు. ఒట్టు ప్రకారం ఒక్క మాట అనలేదు. ముక్కు మాత్రం ఎగపీల్చాడు.

ఆవిడ తల తిప్పి అతని తడి కళ్లు చూసింది. నవ్వు ఆగిపోయింది. రిమోట్ తీసుకుని నొక్కింది. పైలట్ తలుపు మీద చెయ్యి వేసి అలాగే నిలిచిపోయాడు.

"ఏడవడంలో కూడా నాకంటే ముందేనా మీరు?" అంది.